తెలిసినంతే రాసిన ఉత్తరం

దగ్గరికి జరగండి పిలకాయలూ, మంచు దిగతా ఉండాది. అమ్మణ్ణీ, ఆ తాటిమట్ట రెండుగా విరిచి నెగట్లో వెయ్యి. ఏందబ్బయా, ఇందాకట్నించీ ఫోన్లో ఏందో రాస్తా ఉండావు, చెరిపేస్తా ఉండావు? ఓహో, మీ కంపెనీలో ఖాళీ ఉండాదా? చదువుకునేటప్పుడు నీ గదిలో ఉన్న పిల్లోడికి అది వచ్చేటట్టు నువ్వు నాలుగు ముక్కలు రాయాలా? మంచి పని. ఏం రాశావో చదువు, విందాం.

కష్టపడే మనిషి. నలుగురితో కలిసిపోతాడు. బాధ్యత తెలిసినవాడు. అంతేనా? బాగానే ఉండాది గానీ, ఈ ముక్కలు మన ఊళ్ళో ఎవురికి రాసినా సరిపోతాయి గదరా. నాలుగేళ్ళు ఒకే గదిలో ఉండారే, ఆ నాలుగేళ్ళలో నీ కంటితో చూసింది ఒక్కటైనా ఉండాదా ఇందులో?

ఇట్టాంటి ఉత్తరాలు నేను శానా చూశా. మా కాలంలో ఉద్యోగమంటే రెండు దారులు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో పేరు రాయించుకోని, గడువు తీరినప్పుడల్లా పోయి కార్డు రెన్యూవల్ చేయించుకోని, పోస్టుమాన్ సైకిల్ గంట కోసం చెవులు రిక్కించుకోని కూర్చోవడం ఒకటి. ఎవరైనా పెద్దమనిషి చేత ఉత్తరం రాయించుకోని, దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకోని బస్సెక్కడం ఇంకొకటి. ప్రెసిడెంటు, ప్లీడరు, డాక్టరు, హెడ్మాస్టరు, వీళ్ళ అరుగుల మీద పొద్దు పొడవక ముందే పిల్లోళ్ళు కూర్చోని ఉండేవాళ్ళు. గెజిటెడ్ ఆఫీసరు ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ అని ఒకటుండేది. ఫలానావాడు నాకు ఇన్నేళ్ళుగా తెలుసు, నడవడిక మంచిది, నాకు బంధువు కాడు. ఎవరి కాగితం తీసినా ఇవే మూడు ముక్కలు. చాలాసార్లు ఆ సంతకం పెట్టిన ఆఫీసరు ఆ పిల్లోడి మొహం ఆ పూటే మొదటిసారి చూసుంటాడు. అందుకే ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఆ కాగితం ఉందా లేదా అని చూసేవాళ్ళు గానీ, అందులో ఏముందో చదివేవాళ్ళు కాదు.

పలుకుబడితో రాసే ఉత్తరాల సంగతి వేరు. వాటి వల్ల పనులు అయ్యేవి, కాదన్ను. కానీ ఆ పని ఉత్తరం వల్ల అయ్యేది కాదు, రాసినాయన కుర్చీ వల్ల అయ్యేది. కుర్చీ లేనివాడు, ఒక మామూలు మనిషి, తన నేస్తుడి కోసం రాసే ఉత్తరం ఉండాదే, అది గట్టిది కావాలంటే అందులో మాటే గట్టిగా ఉండాలి. నేను చెప్పబోయేది అట్టాంటి ఉత్తరం గురించే.

మా వీధిలోనే ఒక నేస్తుడుండేవాడు నాకు. పేరొద్దులే, వాడి మనవళ్ళు మీ ఈడోళ్ళే, మీకు తెలుసు. వాళ్ళమ్మ మైకా కొట్టంలో కూలి. అప్పట్లో మన సైదాపురం, కలిచేడు పక్క యాడ చూసినా మైకా గనులే. ఎండాకాలం మిట్టమజ్జానం ఆ దోవన నడిస్తే కాళ్ళ కింద నేలంతా తళతళా మెరిసేది, కళ్ళు తెరవలేం. గనిలో తీసింది గూడూరు చేరేది, గూడూరు నుంచి మద్రాసు రేవుకి, ఆడనించి ఓడల్లో ఇంగ్లండుకీ అమెరికాకీ. రేడియోల్లో, ఇస్త్రీ పెట్టెల్లో, కరెంటు పోయే యంత్రాల్లో మన నెల్లూరు మైకా వాడేవాళ్ళు. మన దానికి ఒక ఆకుపచ్చ ఛాయ ఉంటాది, తెలిసినోళ్ళు చూడంగానే నెల్లూరుదని చెప్తారు.

వీణ్ణి వాళ్ళమ్మ చంకనేసుకోనే కొట్టానికి పోయేది. వీడికి నడకా, రేకు చీల్చడం రెండూ ఆ కొట్టంలోనే వచ్చాయి. గని నుంచి వచ్చిన పలకని బుక్కు అంటారు. దాని అంచులు సరిచేసి, సన్నటి కత్తి మొన అంచులోకి దూర్చి రవ్వంత తిప్పాలి. చిటుక్కుమంటాది. ఆ చప్పుడు సరిగ్గా పడితే పొర సాంతం లేస్తాది, పడకపోతే సగంలో చినుగుతాది. వాడు చప్పుడు విని చెప్పేవాడు, ఇది లేస్తాది, ఇది లేవదు అని. ఒకసారి మా ఇంట్లో పెళ్ళికని పెట్రోమాక్సు లైటు తెచ్చారు. అది ఆరిపోయి అంతా చీకటైంది. వాడి జేబులో ఎప్పుడూ రెండు మూడు రేకులుండేవి. ఆ చీకట్లో నేను వాటిని ఒక్కొక్కటే తీసి వాడి చేతికిస్తే, వేళ్ళతో నిమిరి ఏది మందం, ఏది పల్చన, ఏది అంచుకాడ వంకర అని వరసగా పేర్చిపెట్టాడు. లైటు వెలిగినాక చూస్తే ఒక్కటీ తప్పలేదు. అది నేను కళ్ళారా చూసింది.

అట్టాంటోడు ఎస్సెల్సీలో ఇంగ్లీషు తప్పాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. అదే ఏడు వాళ్ళ నాయన పోయాడు. ఇంట్లో పెళ్ళి కావాల్సిన చెల్లెళ్ళు, వాళ్ళమ్మకి కొట్టంలో దుమ్ము పీల్చీ పీల్చీ దగ్గు. గూడూర్లో ఒక మైకా వ్యాపారి దగ్గర సరుకు రకం కట్టే మనిషి కావాలని తెలిసింది. అదంటే మాటలు కాదు. రేకు ఎంత పెద్దదో దాన్ని బట్టి నంబరు, అందులో మచ్చ ఎంతుందో దాన్ని బట్టి రకం. ఒక్క రకం తప్పుగా కడితే ఓడెక్కిన సరుకు వెనక్కొస్తాది. అందుకే నమ్మకమైన మనిషి కోసం చూస్తా ఉండాడాయన.

మావాడు అప్పటికే రెండు ఉత్తరాలు సంపాయించాడు. ఒకటి ప్రెసిడెంటుది, ఒకటి ప్లీడరుది. రెంటిలోనూ తెలివైనవాడు, సద్గుణ సంపన్నుడు, పేద కుటుంబం, దయతో ఆదరించ ప్రార్థన. ఆ వ్యాపారి రెండూ చదివి, సొరుగులో పడేసి, చూద్దాం పొమ్మన్నాడు. ఆ సొరుగు నిండా అట్టాంటివే ఉండి ఉంటాయి.

అప్పటికి నేను గూడూర్లో ఒక హైస్కూల్లో కొత్తగా చేరిన అయ్యోర్ని. ఆయన పిలకాయలు నా క్లాసులోనే చదివేవాళ్ళు. మావాడు ఒక ఆదివారం వచ్చి, ఒరే, నువ్వొక ముక్క రాయరా, నీ మాటైతే వింటాడేమో అన్నాడు. రాస్తానన్నా. రాత్రికి లాంతరు ముందర కూర్చున్నా. కూర్చుంటే ఒక్క సంగతి కాడ కలం ఆగిపోయింది. ఇంగ్లీషు తప్పాడని రాయాలా, వద్దా? రాస్తే పని పోతాదేమోనని భయం. రాయకపోతే, ఆయన అడిగినప్పుడు వాడు తల దించుకోవాల.

మా బడిలో ఒక లెక్కల అయ్యోరుండేవాడు. పెద్దాయన, మద్రాసులో చదివిన మనిషి. మర్నాడు ఆయన దగ్గరికి పోయి సంగతి చెప్పా. ఆయన అవునని గానీ కాదని గానీ అన్లేదు. కూర్చోవయ్యా అని, రామానుజన్ కథ ఎత్తుకున్నాడు. రామానుజన్ పేరు అందరికీ తెలుసు, లెక్కల్లో అంతటోడు లేడనీ తెలుసు. కానీ ఆయనకి ఒక గుమాస్తా ఉద్యోగం రావడానికి ఎంతమంది ఎన్ని ఉత్తరాలు రాశారో నేను అప్పుడే విన్నా. ఆ కథలో మన నెల్లూరు కూడా ఉండాది. అందుకే మీకూ చెప్తా, వినండి.

ఆయన పుట్టింది 1887లో, ఈరోడ్లో. పెరిగింది కుంభకోణంలో. లెక్కల్లో పిచ్చి, మిగతా పాఠాల్లో సున్న. కాలేజీలో స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా బయల్దేరి మన విశాఖపట్నం పారిపోయాడు. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరి, ఆడ కూడా ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు. 1909లో పెళ్ళైంది. డిగ్రీ లేదు, పని లేదు. చంకలో నోటు పుస్తకాలు మాత్రం ఉండాయి. వాటి నిండా ఎవరికీ అర్థంకాని లెక్కలు.

1910లో తిరుక్కోయిలూరు పోయాడు. ఆడ డిప్యూటీ కలెక్టరు వి.రామస్వామి అయ్యరు. 1907లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పెట్టింది ఆయనే. రామానుజన్ ఆయన్ని అడిగింది పెద్ద కోరికేం కాదు. తాలూకాఫీసులోనో మునిసిపాలిటీలోనో గుమాస్తా పని. ఆయన తలుచుకుంటే ఆ పూటే ఇప్పించగలడు. పుస్తకం తెరిచి చూశాడు. చూసి, ఇవ్వనన్నాడు. ఇంత తెలివిని తీసుకుపోయి రెవెన్యూ శాఖ అడుగు మెట్టు మీద కూర్చోబెట్టి అణగదొక్కడానికి నాకు మనసు రాదన్నాడు. ఉత్త చేతులతో పంపలేదు మరి. లెక్కలు తెలిసిన తన స్నేహితులకి ఉత్తరాలిచ్చి మద్రాసు పంపాడు.

మద్రాసులో పి.వి.శేషు అయ్యరు. కుంభకోణంలో రామానుజన్‌కి పాఠం చెప్పిన మనిషే, అప్పటికి ప్రెసిడెన్సీ కాలేజీలో ఉండాడు. ఆయన ఇంకో చీటీ రాశాడు. ఎవరికి? నెల్లూరు జిల్లా కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్.రామచంద్రరావుకి. ఆయనకీ లెక్కలంటే ప్రాణం, ఆ సొసైటీకి కార్యదర్శి.

అట్టా 1910 చివర్లో రామానుజన్ నెల్లూరు కలెక్టరు ముందు నిలబడ్డాడు. ఆ మొదటి చూపు ఎట్టాంటిదో కలెక్టరే తర్వాత రాశాడు. 1927లో రామానుజన్ పరిశోధనలన్నీ కలిపి ఒక పుస్తకం వేస్తే, దాని ముందు పేజీల్లో శేషు అయ్యరూ ఈయనా కలిసి ఆయన జీవితం రాశారు. మా అయ్యోరు మద్రాసులో ఆ పుస్తకం చదివాడు. పొట్టి మనిషి, లావాటి ఒళ్ళు, మాసిన గడ్డం, అంత శుభ్రం లేని బట్టలు. ఆ మొహంలో కళ్ళు మాత్రం మెరుస్తా ఉండాయి. చంకలో నలిగిపోయిన నోటు పుస్తకం. తెరిచి చెప్పడం మొదలుపెడితే కలెక్టరుకి తల తిరిగింది. ఇందులో సరుకుందో, ఉత్త మాటలో తేల్చుకోలేకపోయాడు.

ఈడ మా అయ్యోరు ఆగి నన్ను చూశాడు. తేల్చుకోలేకపోయాడు గానీ తలుపేసుకోలేదయ్యా, మళ్ళీ రమ్మన్నాడు అన్నాడు. రామానుజన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి వినేవాడికి ఎంతవరకు అర్థమవుతాదో కనిపెట్టి, తేలికైన వాటితో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోయాడు. చివరికి కలెక్టరే ఒప్పుకున్నాడు, ఈ మనిషి మామూలోడు కాదని. నీకేం కావాలని అడిగితే, బతకడానికి కాస్త తిండి ఉంటే చాలు, లెక్కలు చేసుకుంటానన్నాడంట.

నెల్లూర్లోనే ఒక పని ఇప్పించి ఉండొచ్చు గదా? ఇప్పించలేదు. ఇంత మేధావిని నెల్లూరు లాంటి జిల్లా ఊళ్ళో పడేసి కుళ్ళబెట్టడం పాపమన్నాడు. మద్రాసు పొమ్మని, నెలకు 25 రూపాయలు తన సొంత డబ్బు ఇస్తా వచ్చాడు. మన నెల్లూర్ని చిన్నచూపు చూశాడని కొందరికి మంట. నాకట్టా అనిపించదు. ఆ రోజుల్లో ఈడ లెక్కల పుస్తకాలు యాడుండాయి, మాట్లాడే మనుషులు యాడుండారు? చేతిలో ఉన్న ఉద్యోగం ఇచ్చేయడం ఆయనకి తేలిక. అట్టా చెయ్యకుండా ఎదుటోడికి ఏది కావాలో అది ఇచ్చాడు.

సుమారు ఏడాది అట్టా గడిచింది. ఆ 1911లోనే ఆ సొసైటీ పత్రికలో రామానుజన్ మొదటి వ్యాసం అచ్చైంది. కానీ ఒకరి సొమ్ముతో ఊరికే బతకడం ఆయనకి ఇష్టం లేదు. 1912 మొదట్లో అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో నెలకు 20 రూపాయల మీద కొన్ని వారాలు పనిచేశాడు. అది పర్మనెంటు కాదు. ఫిబ్రవరి 9న మద్రాసు పోర్టు ట్రస్టుకి అర్జీ పెట్టుకున్నాడు. ఆ అర్జీలో ఏముందో తెలుసా? మెట్రిక్ పాసయ్యాను, ఎఫ్.ఏ. దాకా చదివాను, కొన్ని కష్టాల వల్ల ముందుకు పోలేకపోయాను అని తనే రాసుకున్నాడు. దాచలేదు. దానికి జతగా ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసరు మిడిల్‌మాస్ట్ దొర ఇచ్చిన ఉత్తరం ఉండాది. అది చిన్నదే. లెక్కల్లో ఈ కుర్రవాడి శక్తి అసాధారణమైందని ఆయన తన మాటగా చెప్పాడు. పోర్టులో చీఫ్ అకౌంటెంటు ఎస్.నారాయణ అయ్యరు, ఆయనకీ లెక్కలు తెలుసు. ఆయన పైన ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్. మార్చి 1న రామానుజన్‌కి నెలకు 30 రూపాయల గుమాస్తా పని దొరికింది. ఇన్ని చేతులు పడితే అది దొరికింది. పగలు ఆఫీసు లెక్కలు, మాపిటేళ నారాయణ అయ్యరు ఇంట్లో ఇద్దరూ పలకల మీద అసలు లెక్కలు. కాగితం కొనే స్తోమత లేక పలక మీద చేసి, మోచేత్తో తుడిపేసి, ఫలితం మాత్రం పుస్తకంలో ఎక్కించేవాడు.

మీరు హార్డీ పేరు విన్నారు గదా. కేంబ్రిడ్జిలో లెక్కల పండితుడు. ఆయనకి 1913 జనవరి 16న రామానుజన్ ఉత్తరం రాశాడు. అంతకు ముందు ఆడి పెద్దలిద్దరికి రాస్తే ఫలితం లేదు. హార్డీకి రాసిన దాంట్లో కూడా మొదటి ముక్కే, నేను మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాని, ఏడాదికి 20 పౌన్ల జీతం, నాకు యూనివర్సిటీ చదువు లేదు అని. ఆ తర్వాతే పేజీల కొద్దీ తను కనిపెట్టిన లెక్కలు. అది అందరూ చెప్పుకునే ఉత్తరమే. దాని వల్లే గదా 1914లో ఓడెక్కి ఇంగ్లండు పోయిందీ, 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయిందీ. కానీ మా అయ్యోరు నా కోసం చెప్పింది ఇంకో ఉత్తరం. అది శానా మందికి తెలీదు.

గిల్బర్ట్ వాకర్ అని ఒక దొర. ఈ దేశంలో వానల లెక్క చూసే శాఖకి పెద్ద. కేంబ్రిడ్జిలో లెక్కల్లో మొదటోడుగా నెగ్గిన మనిషి. 1913 ఫిబ్రవరి 25న మద్రాసు రేవు చూడ్డానికి వస్తే, స్ప్రింగ్ దొర పనిగట్టుకోని ఆయనకి రామానుజన్ లెక్కలు చూపించాడు. తన ఆఫీసులో గుమాస్తా పోతే తనకే గదా నష్టం, అయినా చూపించాడు. మర్నాడే వాకర్ మద్రాసు యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు, ఇతనికి పరిశోధన చేసుకునేదానికి వేతనం ఇవ్వమని.

అందులో ఆయన మొదట మెచ్చుకున్నాడు. నేను చూసిన పని కొత్తదనంలో కేంబ్రిడ్జి కాలేజీలో లెక్కల ఫెలో చేసే పనికి సాటి వస్తాదని రాశాడు. అది పెద్ద మాట. ఆ వెంటనే ఇంకోటి రాశాడు. ఇందులో ఉండాల్సిన నిండుతనం, కచ్చితం ఇంకా లేవు, ఆయన పరిస్థితుల్లో లేకపోవడం సహజమే అని. ఆ పైన మూడోది రాశాడు. ఈ తరహా లెక్కలు నేను లోతుగా చదివినవి కావు, కాబట్టి ఈ మనిషి ఎంతటోడో కచ్చితంగా తూచి చెప్పలేను, యూరప్ అంతా పేరు తెచ్చుకునేటోడు కూడా కావచ్చు అని. చివర్న, కొన్నేళ్ళ పాటు కూడూ గుడ్డా దిగులు లేకుండా ఇతన్ని లెక్కలు చేసుకోనిస్తే యూనివర్సిటీ చేసింది న్యాయమే అవుతాదని నాకు స్పష్టంగా తెలుస్తా ఉండాదని ముగించాడు.

చూశారా? మెప్పు ఉండాది, లోటు ఉండాది, తనకి ఎంతవరకు తెలుసో ఆ హద్దూ ఉండాది. డిగ్రీ లేని మనిషికి యూనివర్సిటీ నెలకు 75 రూపాయలు, రెండేళ్ళు ఇచ్చింది. మా అయ్యోరు ఆ మాట చెప్పి, లోటు దాచిన ఉత్తరం చదివేవాడు ఆ లోటు కోసమే వెతుకుతాడయ్యా, నువ్వే చెప్పేస్తే వాడు మిగతాది నమ్మడం మొదలుపెడతాడు అన్నాడు. సంతకం పెట్టడమంటే జామీను ఉండటం మాదిరే, ఎంతకు జామీనో ఆ మొత్తం నువ్వే రాసుకోవాల అని కూడా అన్నాడు.

అబ్బయా, నీకు చెప్పేదీ ఇదే. మీ కంపెనీలో ఆ కాగితం చదివే మనిషికి రోజుకి ఇట్టాంటివి ఎన్నొస్తాయో. మీవాడు ఏం చేయగా నువ్వు చూశావో ఒకటి రాయి. నువ్వు చూడనిది చూళ్ళేదని రాయి. వాడికి రానిది ఏందో వాణ్ణే అడిగి రాయి. వాడికి చెప్పకుండా మాత్రం రాయబాక. అది వాడి బతుకు గదా.

నేను అట్టే చేశా. ఆ రాత్రి మళ్ళీ కూర్చున్నా. తెలుగులోనే రాశా. నా చిన్నప్పట్నించీ ఈ మనిషి నాకు తెలుసు, ఒకే వీధి. చీకట్లో వేళ్ళతో నిమిరి రేకులు వరసగా పేర్చడం నేను చూశా. ఒకసారి మా ఊరి కాంట్రాక్టరు మచ్చున్న సరుకుని మంచి సరుకులో కలపమంటే కలపనని, వారం కూలి పోగొట్టుకున్నాడు, అది కూడా నాకు తెలుసు. మైకా వ్యాపారం నాకు తెలీదు, కాబట్టి మీ పనికి సరిపోతాడో లేదో నేను చెప్పలేను, మీరు ఒక బుక్కు చేతికిచ్చి చూస్తే మీకే తెలుస్తాది. ఎస్సెల్సీలో రెండుసార్లు ఇంగ్లీషు తప్పాడు. ఇంగ్లీషులో ఉత్తర ప్రత్యుత్తరాలు వీడి వల్ల కావు. అంకెలు మాత్రం తప్పు లేకుండా వేస్తాడు. ఇంతే రాశా.

రాసి వాడికి చదివి వినిపించా. ఇంగ్లీషు ముక్క కాడికి వచ్చేసరికి వాడి మొహం వాడిపోయింది. కాసేపు బయటికి పోయి గట్టు మీద కూర్చున్నాడు. నేను పిలవలేదు. తిరిగొచ్చి, ఉండనీరా, ఆయన అడిగి చెప్పించుకునే దానికంటే నువ్వు చెప్పడమే మేలు, నాకూ గుండె దడ ఉండదు అన్నాడు. నిజంగా వాడికి ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. కవరు అంటించకుండా వాడి చేతికే ఇచ్చా.

గూడూర్లో జరిగింది వాడు చెప్పగా విన్నా. ఆ వ్యాపారి ఉత్తరం చదివి, మళ్ళీ మొదట్నించి చదివి, ఏందబ్బయా, నీకు ఇంగ్లీషు రాదని మీ అయ్యోరే రాసిచ్చాడే అన్నాడంట. అవునయ్యా, రాదు, అదీ నిజమే అన్నాడు మావాడు. ఆయన ఇంకేం అడగలేదు. గుమాస్తా చేత ఒక బుక్కు తెప్పించి బల్ల మీద పెట్టాడు. మావాడు దాన్ని కిటికీ కాడికి తీసుకుపోయి వెలుతురుకి పట్టుకోని అటూ ఇటూ తిప్పాడు. పైన బాగుందయ్యా, మధ్యలో ఇనప మచ్చ ఉండాది, మీరు మొదటి రకంలో కడితే దెబ్బ తింటారు అన్నాడు. ఏదీ చీల్చు అన్నాడాయన. కత్తి మొన దూర్చి చీలిస్తే, పొరల నడిమధ్య ఎర్రగా ఇంత మచ్చ. ఆ సోమవారం నుంచే పనిలోకి రమ్మన్నాడు. ఇంగ్లీషు ఉత్తరాలు రాసేదానికి వేరే మనిషి ఉండనే ఉండాడు ఆడ. ప్రెసిడెంటు రాసినా, ప్లీడరు రాసినా ఆ సంగతి బయటపడలేదు. అసలు ఆ పనికి ఇంగ్లీషు అక్కర్లేదని నాకూ వాడికీ అప్పుడే తెలిసింది.

శానా ఏళ్ళు ఆడే చేశాడు. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, వాళ్ళమ్మని కొట్టానికి పోనియ్యకుండా ఇంటి పట్టున కూర్చోబెట్టాడు. తర్వాత్తర్వాత గిరాకీ పడిపోయి గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి గానీ, అప్పటికి వాడు ఒక దారికి వచ్చేశాడు.

అమ్మణ్ణీ, నువ్వడిగిందానికి చెప్తా. లేదు, ఆ ఉత్తరం ఇప్పుడు లేదు, ఆ వ్యాపారి దగ్గరే ఉండిపోయింది. కానీ ఇంకో ఉత్తరం సంగతి చెప్తా. కొన్నేళ్ళకి వాడు ఒక సందకాడ మా ఇంటికొచ్చి, ఒరే కలం తీ, నేను చెప్తా, నువ్వు రాయి అన్నాడు. వాళ్ళమ్మ పక్కన కూర్చోని రేకు చీల్చిన ఒకామె ఉండాది, మొగుడు పోయాడు. ఆ గూడూరు వ్యాపారి కొట్టంలో కూలోళ్ళ మీద మేస్త్రీ పని ఖాళీ పడింది. అప్పటిదాకా ఆ పని మొగోళ్ళకే ఇచ్చేవాళ్ళు ఆ వ్యాపారి దగ్గర. మావాడు నిలబడే చెప్పాడు, నేను రాశా. ఈమెకి సంతకం రాదు, వేలిముద్ర వేస్తాది. గొంతు పెద్దది, కోపం వస్తే ఎవర్నీ లెక్కచెయ్యదు. ముప్పై మంది చీల్చిన రేకుల్లో ఏది ఎవరు చీల్చిందో చూసి చెప్పగలదు, అది నేను పదిమార్లు చూశాను. కూలి లెక్కలో ఒక్క పైసా తేడా వచ్చినా ఆ రోజు ఇంటికి పోదు. తూకం రాళ్ళ సంగతి ఈమెకి తెలుసో లేదో నాకు తెలీదు.

ఆ ఉత్తరం తీసుకోని ఆమె గూడూరు పోయింది. ఆ వ్యాపారి అది చదివి, తూకం రాళ్ళు తెప్పించి ఆమె ముందర పెట్టాడు.